పరాన్నజీవుల నిర్ధారణలో అయస్కాంత నానో కణాలు

మలేరియా క్రిమి దోమలో పెరుగుతుందన్న సత్యాన్ని రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో కనుగొన్నారు. దోమ ఉదర కుడ్యంలో ఆయనకు ఆనవాలు పట్టించినవి మలేరియా క్రిమికి ప్రత్యేకమైన నల్లని రేణువులు. క్రిమి మన రక్తంలోని హీమోగ్లోబిన్‌ను జీర్ణం చేసుకొనగా మిగిలే, ఇనుముతో కూడిన ఆ వ్యర్థాన్ని హీమోజోయిన్ అంటారు. బలమైన అయస్కాంతానికి అది స్వల్పంగా ఆకర్షింపబడుతుంది. ఈ గుణాన్ని రోగ నిర్ధారణకు వినియోగించుకొనేందుకు పరిశోధనలు జరుగుతున్నాయి.

దేశంలో 2030 నాటికి మలేరియాను నిర్మూలించాలన్నది లక్ష్యం. అందుకు పెద్ద అవరోధం జ్వరం లేకుండానే క్రిమిని మోసే వ్యక్తులు. మైక్రోలీటరు రక్తంలో క్రిములు 100 లోపు ఉన్నపుడు రాపిడ్ పరీక్షకు తరచు అందవు. అట్టివారిని కుట్టిన దోమలు వ్యాధిని తిరిగి వ్యాపింపజేస్తాయి. పాడేరు, భద్రాచలం వంటి ఏజెన్సీ ప్రాంతాల అధికారులకు ఈ విషయం విశదమే.

ఐరన్ ఆక్సైడుతో తయారయ్యే నానో కణాలు 20 నానోమీటర్ల లోపు పరిమాణంలో ఉన్నపుడు, అయస్కాంతం దగ్గర ఉన్నంతసేపే దానికి లోబడి, తీసివేయగానే విడిపోతాయి. వీటికి క్రిమి ప్రోటీనును పట్టే యాంటీబాడీలను అతికించి రక్త నమూనాలో కలుపుతారు. గొట్టం వెలుపల అయస్కాంతం ఉంచగా కణాలు గోడకు చేరుతాయి. ద్రవాన్ని పారబోసి, చేరినదానిని కొద్ది చుక్కలలోకి తీసి స్ట్రిప్‌పై వేస్తారు. చేటతో చెరిగి రాళ్లను ఒక మూలకు చేర్చడం వంటిదే ఇది. సైన్సు చదువని ఈ వ్యాసకర్తకు అర్థమైనది ఈ పోలికతోనే. అయస్కాంతం పని చేర్చడం వరకే, గుర్తించవలసినది స్ట్రిప్పే. "అయస్కాంతంతో మలేరియా నిర్ధారణ" అన్న శీర్షిక పెట్టే ముందు పాత్రికేయ మిత్రులు ఈ తేడాను గమనించగలరు.

బ్రెజిల్ శాస్త్రవేత్తలు 2007లో ప్రకటించిన హెల్మింటెక్స్ పద్ధతిలో నానో కణాలకన్నా పెద్దవైన అయస్కాంత పూసలతో షిస్టోసోమా అనే రక్తపు పురుగు గుడ్లను వేరు చేస్తారు. సాధారణ కాటో-కాట్జ్ పద్ధతిలో ఒక స్లయిడుకు 41.7 మిల్లీగ్రాముల మలాన్ని మాత్రమే పరీక్షిస్తారు. ఇందులో 30 గ్రాములు, అనగా 700 రెట్లకు పైగా. అయితే శ్రమ, సమయం అధికం.

పరిమితులు స్వల్పమైనవి కావు. హెచ్.ఆర్.పి.-2 ప్రోటీనును తయారు చేయని ఫాల్సిపారం క్రిములు పెరూ అమెజాన్ ప్రాంతంలో ఉన్నట్లు 2010లో వెల్లడైంది. ఆ ప్రోటీనుపైనే ఆధారపడిన పరీక్షకు, ఎన్ని నానో కణాలు కలిపినా, అట్టి క్రిములు చిక్కవు. హీమోజోయిన్ విషయంలోనూ చిక్కున్నది. రక్తంలో తిరిగే లేత దశ ఫాల్సిపారం క్రిములలో అది అత్యల్పం. ముదిరిన క్రిములు లోపలి అవయవాల సూక్ష్మనాళాలలో దాగి ఉంటాయి. వ్యాధి నయమైన పిదప కూడా తెల్ల రక్తకణాలలో ఆ రేణువులు కొంతకాలం మిగిలే ఉంటాయి.