నల్గొండ జిల్లా పునర్విభజన

నల్గొండ జిల్లా పునర్విభజన తెలంగాణ రాష్ట్రంలో 2016 అక్టోబరు 11న అమలులోకి వచ్చిన పరిపాలనా సంస్కరణ. దీని ద్వారా పూర్వపు నల్గొండ జిల్లా ప్రధానంగా నల్గొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి జిల్లాలుగా విడిపోయింది. అదే రోజున రాష్ట్రంలోని జిల్లాల సంఖ్య 10 నుండి 31కి పెరిగింది. 2019లో ములుగు, నారాయణపేట జిల్లాల చేరికతో అది 33 అయింది. ఈ విభజనలో సూర్యాపేట జిల్లా కేంద్రంగాను, కోదాడ ఆ జిల్లాలో రెవెన్యూ డివిజన్ కేంద్రంగాను రూపొందాయి. మిర్యాలగూడ నల్గొండ జిల్లాలోనే రెవెన్యూ డివిజన్ కేంద్రంగా కొనసాగింది.

నేపథ్యం

నిజాం కాలం నుండి జిల్లా పాలన తాలూకాల ద్వారా సాగేది. సూర్యాపేట, మిర్యాలగూడ, హుజూర్‌నగర్ అటువంటి తాలూకా కేంద్రాలు. గ్రామాలలో భూమి లెక్కలు, శిస్తు వసూలు వంశపారంపర్య పటేల్, పట్వారీల చేతిలో ఉండేవి. ఎన్.టి.రామారావు ప్రభుత్వం 1984లో ఈ పదవులను రద్దు చేసి, 1985లో తాలూకాల స్థానంలో వాటికంటే చిన్నవైన మండలాలను ఏర్పరచింది. ప్రభుత్వ కార్యాలయాలను గ్రామీణులకు దగ్గర చేయడం దీని ఉద్దేశం. 2011 జనాభా లెక్కల నాటికి నల్గొండ జిల్లాలో 59 మండలాలు, 34,88,809 జనాభా ఉన్నాయి. ఇంతమందికి కలెక్టరు కార్యాలయం నల్గొండ పట్టణంలో మాత్రమే ఉండేది.

విభజన

1974 నాటి జిల్లాల ఏర్పాటు చట్టం క్రింద 2016 ఆగస్టు 22న ముసాయిదా ప్రకటన వెలువడింది. అభ్యంతరాలు తెలుపుటకు ప్రజలకు 30 రోజుల గడువు ఇచ్చారు. 2011 లెక్కల ప్రకారం కొత్త సూర్యాపేట జిల్లా పరిధిలోని జనాభా సుమారు 11 లక్షలు. జాతీయ రహదారిపై కోదాడ నుండి సూర్యాపేటకు దూరం దాదాపు 45 కిలోమీటర్లు. సూర్యాపేటలో సమీకృత కలెక్టరు కార్యాలయ భవనం 2023 ఆగస్టు 20న ప్రారంభమైంది.

ప్రజాప్రాతినిధ్యం

రెవెన్యూ జిల్లాలు 2016లో విడిపోయినప్పటికీ, 2014లో ఎన్నికైన ఉమ్మడి నల్గొండ జిల్లా పరిషత్తు 2019 జూలై వరకు కొనసాగింది. సూర్యాపేటకు ప్రత్యేక జిల్లా పరిషత్తు ఆ తరువాతనే ఏర్పడింది. అనగా సుమారు మూడేళ్ళపాటు కొత్త జిల్లాకు కలెక్టరు ఉన్నారు గాని, ఆ జిల్లాకు పరిమితమైన ఎన్నికైన పరిషత్తు లేదు. లోక్‌సభ నియోజకవర్గాల హద్దులు కూడా జిల్లా హద్దులతో కలవవు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ శాసనసభ నియోజకవర్గాలు మూడూ నల్గొండ లోక్‌సభ స్థానంలో ఉన్నాయి. మిర్యాలగూడ లోక్‌సభ స్థానం 2008 పునర్విభజనలో రద్దయింది.

గ్రామస్థాయి మార్పులు

2018 పంచాయతీరాజ్ చట్టంతో అనేక తండాలు గ్రామ పంచాయతీలుగా మారాయి. రాష్ట్రంలో పంచాయతీల సంఖ్య 12 వేలు దాటింది. దీనికి భిన్నంగా రెవెన్యూ శాఖలో 2020లో గ్రామ రెవెన్యూ అధికారుల పదవులు రద్దయ్యాయి. అదే ఏడాది వచ్చిన ధరణి విధానంలో భూమి రిజిస్ట్రేషన్లు తహసీల్దారుకు అప్పగించబడినా, రికార్డులలోని తప్పుల సవరణ చాలావరకు కలెక్టరు స్థాయిలోనే జరిగేది. ఆ విధంగా జిల్లా కేంద్రం దగ్గరైనా, రైతుకు అందుబాటులో ఉండే గ్రామస్థాయి రెవెన్యూ ఉద్యోగి లేకుండా పోయాడు. 2025లో ధరణి స్థానంలో వచ్చిన భూభారతి చట్టం సవరణ అధికారాలను తహసీల్దారు, రెవెన్యూ డివిజనల్ అధికారి స్థాయిలకు కూడా పంచింది, అప్పీళ్ళకు అవకాశం కల్పించింది. అందువలన కోదాడ, మిర్యాలగూడ డివిజన్ కార్యాలయాల ప్రాధాన్యం పెరిగింది. అదే సంవత్సరం గ్రామ పాలనాధికారుల నియామకం జరిగింది.

ఇతర దేశాలతో పోలిక

సూర్యాపేట జిల్లా జనాభా, 19వ శతాబ్దంలో తెలుగువారు కూలీలుగా వలస వెళ్ళిన మారిషస్ అనే ద్వీప దేశపు జనాభాకు ఇంచుమించు దగ్గరగా ఉంటుంది. అంత చిన్న దేశంలో సైతం, ప్రధాన ద్వీపానికి దూరంగా ఉన్న రోడ్రిగ్స్ ద్వీపానికి 2001 చట్టం ద్వారా స్వపరిపాలన లభించింది, 2002లో ప్రాంతీయ శాసనసభకు ఎన్నికలు జరిగాయి. రోడ్రిగ్స్‌లో అధికారం ఎన్నికైన సభకు బదిలీ అయింది. సూర్యాపేటలో విభజన ప్రధానంగా కార్యాలయాలను దగ్గరకు తెచ్చింది, కాగా జిల్లా పాలనకు అధిపతి ప్రభుత్వం నియమించే కలెక్టరే.