ఆగడం వచ్చాకే గేరు

ఏప్రిల్ నెల, ఇంకా ఎండెక్కలేదు. భీమవరం శివార్లలో ఓ స్కూలు గ్రౌండు. తలకి హెల్మెట్, కాళ్లకి బూట్లు, వెనక ముడేసిన చున్నీ. బండి పక్కన నిలబడ్డావు. తాళం మాత్రం మావయ్య జేబులోనే ఉంది.

"ముందు తోసుకుంటూ ఓ చుట్టు తిరుగమ్మడూ."

నూట పది కిలోల పైచిలుకు బండి. నిటారుగా ఉన్నంతసేపూ బరువే తెలియదు. మలుపులో కాస్త ఒరిగిందో లేదో మోచేతులు వణుకుతాయి. ఒరిగిన బండిని చేతులతో లాగడం కన్నా ఒరగకముందే సర్దుకోవడం తేలికని ఒళ్లు తనంతట తనే కనిపెట్టేస్తుంది.

ఇప్పుడు ఎక్కి కూర్చున్నావు. మావయ్య వెనకనుంచి తోస్తున్నాడు. "వెనక బ్రేకు!" తొక్కావు. బండి ఇంకాస్త దూరం జారుతూ పోయి ఆగింది. "ఈసారి ముందుది!" ఫ్రెండ్స్ మాట గుర్తొచ్చి వేళ్లు ఆగిపోతాయి. ముందు బ్రేకు పడితే పల్టీ కొడతావన్నారు కదా!

"ఆగేటప్పుడు బరువంతా ముందు చక్రం మీదికొస్తుంది. అందుకే గట్టిగా పట్టేది అదే. హ్యాండిల్ తిన్నగా ఉంచు, ఒక్కసారిగా లాక్కోకుండా నిదానంగా పిండు, వెనకదీ కలుపు."

నొక్కావు. ముందు షాకులు కిందికి దిగాయి, బండి బుద్ధిగా ఆగింది. మళ్లీ తోశాడు. మళ్లీ ఆపావు. అప్పుడు గానీ తాళం నీ చేతికి రాలేదు.

ఇంజను మోగుతోంది. క్లచ్ పూర్తిగా పట్టి ఫస్ట్ గేరేశావు. "ఎక్సలేటర్ ముట్టుకోకు, క్లచ్ ఒక్కటే వదులు." వదులుతుంటే ఒకచోట ఇంజను గొంతు బరువెక్కుతుంది, బండి ముందుకి గుంజుతుంది. వెంటనే మళ్లీ పట్టేయ్. ఆ చోటు నీ ఎడమచేతికి గుర్తుండిపోవాలి. ఇరుకు సందుల్లో, ట్రాఫిక్‌లో, లైసెన్సు టెస్టులో '8' వేసేటప్పుడూ నిన్ను కాసేది అదే.

గ్రౌండు చివర వేపచెట్టు. తప్పించుకుందామని దాన్నే చూస్తున్నావు. బండి తిన్నగా దాని మీదికే పోతోంది.

"చెట్టుని చూస్తే చెట్టుకే పోతావ్! పక్కనున్న ఖాళీ చూడు!"

తల తిప్పావు. చూపెటు పోతే బండీ అటే తిరిగింది.

ఇక రోడ్డు. ముందూ వెనకా ఎర్రటి 'ఎల్' అక్షరం, వెనక సీట్లో లైసెన్సున్న మావయ్య. బయల్దేరేముందు నీ హెల్మెట్‌ని వెనకనుంచి పైకి లాగి చూస్తాడు. పట్టీ బిగుతుగా ఉంది, ఊడలేదు. ఐఎస్ఐ గుర్తు కొనేటప్పుడే చూశాడు. పెట్టుకోకపోతే వెయ్యి రూపాయలు ఫైనని చట్టం చెబుతోంది. "పోలీసుల కోసమే అయితే పెట్రోల్ ట్యాంకు మీద పెట్టుకున్నా సరిపోయేది," అంటాడు.

ఉండి ఊరి వైపు పోతున్నావు. దాళ్వా వరి కోతల కాలం. రోడ్డుకి ఎడంపక్కంతా ధాన్యం ఆరబోశారు, అంచున రాళ్లు పేర్చారు. మిగిలిన సగంలోనే ఎదురుబండ్లూ రావాలి. టైరు కింద వడ్లు పడితే పట్టు దొరకదు. వాటి మీద బ్రేకేయకూడదు, ఒరగకూడదు. కాబట్టి కుప్ప దగ్గరకి చేరకముందే స్పీడు తగ్గించావు. ఇంకాస్త ముందుకెళ్తే చేపల లారీ కార్చుకుంటూ పోయిన నీళ్లు. అక్కడా అదే మంత్రం.

ముందు ఆటో పోతోంది. "అది ఆ కరెంటు స్తంభం దాటగానే లెక్కపెట్టు. మూడు సెకన్లు కాకముందే నువ్వూ అక్కడికి చేరితే మరీ దగ్గరగా ఉన్నట్టు." గంటకి నలభై కిలోమీటర్ల వేగమంటే సెకనుకి పదకొండు మీటర్లు. బ్రేకు మీద వేలు పడేలోపే అంత దూరం పోతుంది.

చెయ్యెత్తిన మనిషి కోసం ఆటో ఉన్నపళంగా ఆగింది. ఇండికేటర్ లేదు, సైగ లేదు. నీ చేయీ కాలూ కలిసి నొక్కాయి. మధ్యలో ఇంకా బోలెడు ఖాళీ మిగిలింది.

"బ్రేకొక్కటే కాదు, నువ్వు వదిలిన దూరమూ ఆపింది," అంటాడు మావయ్య.

నీ లెర్నర్ లైసెన్సు (ఎల్ఎల్ఆర్) ఆరు నెలలు చెల్లుతుంది. ముప్పై రోజులు దాటితే టెస్టుకి పోవచ్చు. పోదామా అని అడుగుతావు. ఆయన ఒప్పుకోడు. జూన్‌లో తొలకరి పడాలట. దుమ్మూ నూనే వానతో కలిసి రోడ్డు నున్నగా అయ్యే ఆ మొదటి జల్లుల్లో, ఇదే గ్రౌండులో బ్రేకులు మళ్లీ మొదట్నుంచీ నేర్చుకోవాలి. టెస్టు ఆ తరవాతే.