ఒక్క పిలుపు, మూడు జవాబులు

బిల్లు మొత్తం ఇస్తే తగ్గింపు, పన్ను, కట్టాల్సిన సొమ్ము మూడూ ఒకేసారి లెక్కగట్టే ఫంక్షన్‌ను ఇవాళ డేటాబేస్ పని తెలిసినవాళ్లు తేలిగ్గా రాసేస్తారు. ఇంత చిన్న కోరిక సజావుగా తీరడానికి పట్టింది దాదాపు నలభై ఏళ్లు.

ఎడ్గర్ కాడ్ 1970లో ప్రతిపాదించిన రిలేషనల్ నమూనాలో పట్టికలోని గడికి ఒక్క విలువే. 1974లో ఐబీఎం శాన్ హోసే పరిశోధనశాలలో చాంబర్లిన్, బాయిస్ రూపొందించిన సీక్వెల్ (నేటి ఎస్‌క్యూఎల్) భాష కూడా ఆ దారినే నడిచింది. సెలెక్ట్‌లో ఫంక్షన్ పెడితే అది ఒక గడిని నింపుతుంది, అంతే. 1992 నాటి ఒరాకిల్ 7లో ప్రొసీజర్లు వచ్చాయి. ఔట్ పారామీటర్లతో వాటి నుంచి ఎన్ని విలువలైనా రప్పించవచ్చు గానీ, వాటిని క్వెరీ మధ్యలో పిలవడం కుదరదు.

ఫంక్షన్‌ను గడిలోంచి తీసి ఫ్రమ్ తరవాత, పట్టిక ఉండే చోట నిలబెట్టాక దారి తెరుచుకుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్ 2000, ఒరాకిల్ 9ఐ ఆ పని చేశాయి. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ 2002లో, 7.3తో అక్కడికి చేరింది. అయితే ఏయే కాలమ్‌లు వస్తాయో ముందే ఒక టైప్‌గా ప్రకటించాలి, లేదా పిలిచిన ప్రతిచోటా రాయాలి. 2005లో 8.1 తెచ్చిన ఔట్ పారామీటర్లు, 2009లో 8.4 తెచ్చిన రిటర్న్స్ టేబుల్ ఆ చాకిరీ తప్పించాయి.

అసలు చిక్కు అప్పటికీ తీరలేదు. బిల్లుల పట్టికలో ఒక్కో వరుసకూ ఫంక్షన్‌ను పిలవాలంటే ఎలా? పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లో ఫ్రమ్ తరవాతి ఫంక్షన్‌కు పక్క పట్టిక కాలమ్‌లు కనిపించేవి కావు. దాంతో జనం మళ్లీ సెలెక్ట్‌లోనే పిలిచి, వచ్చిన ఫలితాన్ని చుక్క, నక్షత్రం గుర్తులతో విడగొట్టేవారు. చూడటానికి ముచ్చటైన రాత. లోపల మాత్రం ఆ నక్షత్రం కాలమ్‌కో పిలుపుగా విడిపోతుంది: మూడు విలువలు కావాలంటే అదే లెక్క మూడుసార్లు. ఫంక్షన్ బరువైనదైతే క్వెరీ మూడింతలు నత్తనడక నడుస్తుంది, కారణం రాతలో ఎక్కడా కనబడదు. దీనికి మందు లాటరల్, అంటే ఫ్రమ్ తరవాతి ఫంక్షన్‌కు పక్క పట్టిక కాలమ్‌లను చూపించే పదం. 1999 నాటి ఎస్‌క్యూఎల్ ప్రమాణంలోనే ఉన్నా, పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌కు 2013లో 9.3తో గానీ రాలేదు. ఎస్‌క్యూఎల్ సర్వర్ 2005లోనే క్రాస్ అప్లై పేరుతో ఇదే పని చేసిపెట్టింది. నా దృష్టిలో ఈ చరిత్రలో పెద్ద మలుపు ఇదే. వరుసకో పిలుపు, పిలుపుకు ఎన్ని జవాబులైనా.

ఆ తరవాత సమస్య వేగం వైపు మళ్లింది. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ఒకే సెలెక్ట్‌తో రాసిన ఫంక్షన్ క్వెరీలో కలిసిపోతుంది. పలు వాక్యాలతో రాసినదాని లోపలికి ఆప్టిమైజర్ తొంగిచూడలేదు, ఒక వరుస వస్తుందనో వంద వస్తాయనో ఊహించి ప్లాన్ వేసేది. 2017 వెర్షన్ ముందుగా ఫంక్షన్‌ను నడిపి, వరుసలు లెక్కపెట్టి, ఆపైన మిగతా ప్లాన్ వేయడం మొదలుపెట్టింది. ఆ సదుపాయం క్రాస్ అప్లై లోపల పిలిచే ఫంక్షన్లకు మాత్రం వర్తించలేదు.