ఉంఛవృత్తి

త్యాగయ్యగారు యాయవారమెత్తి బ్రదికినారని విన్న పిల్లలు, అంతటివారికి ఆ బిచ్చపు బ్రదుకేమని అడుగుట సహజమే. కాని బిచ్చము వేరు, ఉంఛవృత్తి వేరు.

ఉంఛమనగా కోత ముగిసి ధాన్యము ఇల్లు చేరిన పిమ్మట పొలమున రాలి మిగిలిన గింజలను ఏరుకొనుట. మనుస్మృతి నాలుగవ అధ్యాయము దీనిని 'ఋతము' అనియు, అడిగి తెచ్చుకొన్న దానిని 'మృతము' అనియు పేర్కొనినది. అంతటితో ఆగక, గాదె నిండ నిలువ గలవాడు, కుండెడు గలవాడు, మూడునాళ్లకు చాలినంత గలవాడు, రేపటికేమియు లేనివాడు అని గృహస్థులను నాలుగు విధములుగ విభజించి, ముందటివానికన్న వెనుకటివాడు మేలన్నది. కడపటివాడు 'అశ్వస్తనికుడు'. అపరిగ్రహమును ఇట్లు గాదెలతో, కుండలతో కొలిచి చూపుట నాకెంతయు నచ్చినది.

భారతమున అశ్వమేధపర్వములో ముంగిస కథ కలదు. కురుక్షేత్రమున ఉంఛవృత్తితో జీవించు బ్రాహ్మణుడొకడు కరవు దినములలో దొరికిన కొద్దిపాటి యవలను పిండి చేసి, ఇంటివారికి నాలుగు పాళ్లు పెట్టెను. ఇంతలో అతిథి వచ్చెను. తన పాలు చాలలేదు. ఇల్లాలు తనది ఇచ్చెను, పిదప కొడుకు, ఆపైన కోడలు. అచట పొర్లిన ముంగిసకు సగము మేను బంగారమయ్యెను. ధర్మరాజు యాగశాలలో రెండవ సగము మారలేదు. బంగారము మాట అటుంచి, ఆ ఇంట నలుగురిదీ ఒక్క మనసగుట చూడదగినది.

తిరువయ్యారు ఇంట అట్లు జరుగలేదని చెప్పుదురు. 1767లో తిరువారూరున తెలుగు కుటుంబమున పుట్టిన త్యాగయ్యగారు రామనామము పాడుచు వీథుల వెంట నడచి, అడుగకయే ఇల్లాండ్రు పోసిన బియ్యముతో దినము గడుపుచుండిరి. తంజావూరు ప్రభువు పంపిన కానుకలను త్రోసిపుచ్చిరనియు, 'నిధి చాల సుఖమా' కీర్తన అప్పుడే పుట్టినదనియు ప్రతీతి. దానికి కినిసిన అన్నగారు పూజావిగ్రహములను కావేరిలో విసరినారట. హరికథలలో ఆయనను దుష్టునిగ చిత్రించుట పరిపాటి. నాకు మాత్రము అంత కోపము రాదు. తమ్ముని వ్రతము తమ్మునిది. రేపటికి గింజ లేని ఆకలి మాత్రము ఇంటిల్లిపాదిదీ.

1847లో స్వామి సిద్ధి పొందిరి. కావేరి ఒడ్డున సమాధిమందిరమును బెంగుళూరు నాగరత్నమ్మగారు తమ సొమ్ము వెచ్చించి కట్టించిరి. 1952లో గతించిన ఆమె సమాధియు అచ్చటనే కలదు. ఏటేట పుష్య బహుళ పంచమినాడు స్వామి నివసించిన ఇంటి వీథినుండి సమాధి వరకు భజనతో ఉంఛవృత్తి ఊరేగింపు సాగును.