స్కానర్ స్ట్రీమింగ్ రిసీవరు: నిజామాబాద్–బోధన్ ప్రాంతంలో ఎంపిక

గాలిలో వచ్చే రేడియో సంకేతాన్ని పట్టి, ఆ ధ్వనిని అప్పటికప్పుడు ఇంటర్నెట్‌లో దూరపు శ్రోతకు అందించే ఏర్పాటుకు మూలాంగం రిసీవరు. వరుసగా పౌనఃపున్యాలను గాలిస్తూ మాట వినపడ్డ చోట ఆగే రిసీవరును స్కానర్ అంటారు. అమెరికాలో పోలీసు, అగ్నిమాపక విభాగాల సంభాషణలను ఇలా వినిపించే అలవాటు బ్రాడ్‌కాస్టిఫై వంటి వేదికల ద్వారా బాగా వ్యాపించింది. స్కానర్ ఎంపికపై దొరికే సలహాల్లో అధిక భాగం అక్కడివే. నిజామాబాద్, బోధన్‌లలో చట్టమూ వేరు, గాలిలో ఉన్న సంకేతాలూ వేరు కాబట్టి ఆ సలహాలను ఉన్నవున్నట్టు పాటించడం కుదరదు.

పూర్వరంగం

ఈ ప్రాంతానికి రేడియో హైదరాబాద్ సంస్థానం నుంచి వచ్చింది. అక్కడి తొలి కేంద్రమైన దక్కన్ రేడియో పుట్టుక తేదీపై ఏకాభిప్రాయం లేదు. 1932 అని, 1933 అని రాసినవారున్నారు. 200 వాట్ల ట్రాన్స్‌మిటర్‌తో నిజాం ప్రభుత్వ కేంద్రంగా ప్రసారం మొదలైన తేదీగా 1935 ఫిబ్రవరి 3ను ఎక్కువ మంది చెబుతారు. ముందరి తేదీలు ప్రైవేటు ప్రయత్నానికి చెందినవని తీసుకుంటే ఈ లెక్కలు చాలావరకు పొసగుతాయి. 1950 ఏప్రిల్ 1న ఈ కేంద్రం భారత ప్రభుత్వం చేతికి వచ్చింది. ఆకాశవాణిలో విలీనాన్ని కొందరు 1956కు జరుపుతారు.

బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ 1937లో వెలిసింది. ఆసియాలోకెల్లా పెద్దదన్న మాట దాదాపు ప్రతి రచనలో కనిపిస్తుంది. దాన్ని ఒకనాటి మాటగా చదువుకోవాలి. 2015 చివర్లో ఫ్యాక్టరీ మూతపడింది. రేడియో రిసీవరు పెట్టేవారికి ఇక్కడి నేల ఇప్పుడు చెరకు కంటే వరి, బోరు మోటార్ల నేల. రిసీవరు వినే రొద కూడా ఆ మోటార్లదే.

ఏది వినవచ్చు, ఏది వినిపించవచ్చు

ఎంపిక ఇక్కడ మొదలవ్వాలి. 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం కింద ఇంట్లో రేడియో పెట్టె ఉంచుకోవడానికే లైసెన్సు ఉండేది. పోస్టాఫీసులో ఏటా రుసుము కట్టి లైసెన్సు పుస్తకంలో స్టాంపు వేయించుకున్న తరం ఇంకా మన మధ్యే ఉంది. 1980ల మధ్యలో ఆ రుసుము రద్దయింది. అయితే తమకు ఉద్దేశించని సందేశాన్ని చాటుగా పట్టడంపై నిషేధం అలాగే ఉంది. 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం 42వ సెక్షన్ అక్రమంగా సందేశాన్ని అడ్డగించి వినడానికి మూడేళ్ల వరకు జైలు, రెండు కోట్ల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధిస్తుంది. పోలీసు, రైల్వే, విమాన నియంత్రణ సంభాషణలను ఈ ప్రాంతంలో స్ట్రీమ్ చేయాలనుకునేవారు రిసీవరు ధర కంటే ముందు ఈ సెక్షన్ చదవాలి.

ప్రజలందరి కోసం చేసే ప్రసారాలు వినడానికి అడ్డు లేదు. వాటిని తిరిగి ప్రసారం చేయడం మాత్రం వేరే సంగతి. 1957 కాపీరైట్ చట్టం 37వ సెక్షన్ ప్రసార సంస్థకు 25 ఏళ్ల ప్రత్యేక హక్కు ఇస్తుంది. ఆర్మూరు, బోధన్ ఊళ్ల నుంచి గల్ఫ్‌కు వెళ్లినవారికి సొంత జిల్లా రేడియో వినిపించాలన్న కోరిక ఎంతో సహజమైనది, గౌరవించదగినది. దానికి సరైన దారి ప్రసార భారతి న్యూస్ ఆన్ ఎయిర్ యాప్. ఇంటి డాబా మీది రిసీవరుతో ఆ పని పెట్టుకోకూడదు.

మిగిలింది అభిరుచి కొద్దీ లైసెన్సుతో నడిపే హ్యామ్ రేడియో. మన దేశంలో 12 ఏళ్లు నిండినవారు పరీక్ష రాసి లైసెన్సు పొందవచ్చు. జనరల్ గ్రేడు కాల్ సైన్లు సాధారణంగా వీయూ2తో, రిస్ట్రిక్టెడ్ గ్రేడువి వీయూ3తో మొదలవుతాయి. హైదరాబాద్‌లో 1983లో స్థాపితమైన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తెలుగు హ్యామ్‌లకు పాత కేంద్రం. హ్యామ్‌లు గుప్త సంకేతాల్లో మాట్లాడకూడదు, వారి సంభాషణ స్వభావం చేతనే బహిరంగం. అయినా స్ట్రీమ్ నడిపే వ్యక్తికి లైసెన్సు ఉండటం, సంకేతాన్ని అందుకుని దూరానికి తిరిగి పంపే రిపీటర్ నిర్వాహకులను ముందుగా అడగడం మంచి పద్ధతి. వరదో గాలివానో వచ్చి సెల్ టవర్లు పడిపోయిన రోజున ఈ సంభాషణే జిల్లాకు పనికొస్తుంది. ఇక్కడ స్ట్రీమింగ్‌కు అన్నిటికంటే తగిన విషయం ఇదే.

రిసీవరు రకాలు

చేతి స్కానర్లలో యూనిడెన్ బీసీ125ఏటీ వంటివి 25 నుంచి 512 మెగాహెర్ట్జ్ మధ్యనున్న పట్టీలను పట్టి 500 చానళ్లు దాచుకుంటాయి. ఒకటి తర్వాత ఒకటి వెతకడం వీటి పద్ధతి. ఒక చానల్‌పై ఆగితే మరో చానల్‌లో సాగే మాట పోతుంది. రాత్రింబవళ్లు నడిచే స్ట్రీమ్‌కు ఇది పెద్ద లోపం.

డిజిటల్ టీవీ కోసం చేసిన ఆర్‌టీఎల్2832యూ చిప్ డాంగిల్‌ను సాఫ్ట్‌వేర్ రేడియోగా వాడవచ్చన్న సంగతి 2012లో వెలుగులోకి వచ్చాక పరిస్థితి మారింది. ఆర్820టీ ట్యూనర్ ఉన్న డాంగిల్ సుమారు 24 నుంచి 1766 మెగాహెర్ట్జ్ వరకు అందుకుంటుంది. ఒకేసారి 2.4 మెగాహెర్ట్జ్ వెడల్పు చూస్తుంది కాబట్టి, మన హ్యామ్‌లకు కేటాయించిన 144–146 మెగాహెర్ట్జ్ పట్టీ మొత్తం ఒక్క డాంగిల్‌లో ఇమిడిపోతుంది. ఎక్కడ ఎవరు మాట్లాడినా తప్పిపోదు. ఈ ప్రాంతంలో కొత్తగా మొదలుపెట్టేవారికి ఇదే మొదటి ఎంపిక కావాలి.

దాని బలహీనత సంకేతాన్ని 8 బిట్లతోనే అంకెలుగా మార్చడం. దగ్గర్లో బలమైన సంకేతం ఉంటే బలహీనమైనవి మునిగిపోతాయి. నిజామాబాద్‌లో ఆ బలమైన సంకేతం ఆకాశవాణి 103.2 మెగాహెర్ట్జ్. పట్టణం లోపల పెట్టేవారు 88–108 మెగాహెర్ట్జ్‌ను ఆపే ఫిల్టరును యాంటెన్నాకూ డాంగిల్‌కూ మధ్య బిగించాలి. బోధన్‌లో చాలాసార్లు అది లేకుండానే గడుస్తుంది. 10.7 మెగాహెర్ట్జ్ మధ్యమ పౌనఃపున్యంతో పనిచేసే పాతకాలపు చవక రిసీవర్లలో ఇంకో చిక్కు ఉంది. అలాంటి రిసీవరు 124.6 దగ్గర నిలిపితే, 21.4 మెగాహెర్ట్జ్ కింద ఉన్న 103.2 బొంగురుగా తోసుకు రావచ్చు. విమాన పట్టీలో వ్యవసాయ కార్యక్రమం వినపడుతోందని వాపోయేవారు మొదట ఈ తీసివేత చేసి చూడాలి.

7000–7200 కిలోహెర్ట్జ్ హ్యామ్ పట్టీకి మామూలు డాంగిల్ చాలదు. కివీఎస్‌డీఆర్ అనే రిసీవరు 10 కిలోహెర్ట్జ్ నుంచి 30 మెగాహెర్ట్జ్ వరకు 14 బిట్లతో పట్టి, నలుగురు శ్రోతలను తానే నేరుగా కూర్చోబెడుతుంది. ఎవరి పౌనఃపున్యం వారు తిప్పుకోవచ్చు. నెదర్లాండ్స్‌లోని ట్వెంటె విశ్వవిద్యాలయపు వెబ్‌ఎస్‌డీఆర్ కూడా ఇదే భావనతో నడుస్తుంది.

యాంటెన్నా, వైరు, రొద

ఒకనాడు ఇంటి గోడకు ఈ చివర నుంచి ఆ చివరకు రాగి జాలీ పట్టీ కట్టి ఏరియల్ అనేవారు. మీడియం వేవ్‌కు అది చాలేది. 145 మెగాహెర్ట్జ్‌కు అర మీటరు నిలువు కడ్డీ, దాని కింద నేలకు బదులు మూడు నాలుగు కడ్డీలు సరిపోతాయి. పొడవు కంటే ఎత్తు ముఖ్యం. వైరు విషయంలో పుస్తకాలు 50 ఓమ్‌ల ఆర్‌జీ58 అంటాయి, కానీ 20 మీటర్ల పొడవులో అది సంకేతంలో సగానికి పైగా తినేస్తుంది. కేబుల్ టీవీ వాళ్ల ఆర్‌జీ6 వైరు 75 ఓమ్‌లదైనా, పొంతన లోపం వల్ల పోయేది డెసిబెల్‌లో ఐదో వంతు లోపే. వైరులో ఆదా అయ్యేది అంతకంటే చాలా ఎక్కువ. బోధన్ బజారులో దొరికేదే మెరుగన్నమాట.

ఎత్తు ఎంత పనిచేస్తుందో విమానాలే చూపుతాయి. విమానం పదివేల మీటర్ల ఎత్తున ఉంటే నాలుగు వందల కిలోమీటర్ల దూరం నుంచి సంకేతం అందుతుంది. సుమారు 170 కిలోమీటర్ల దూరంలోని శంషాబాద్ టవరు మాత్రం భూమి వంపు చాటున ఉంటుంది. కాబట్టి చట్టం సంగతి పక్కనపెట్టినా బోధన్‌లో దొరికేది సగం సంభాషణే.

హైదరాబాద్ 738 కిలోహెర్ట్జ్ వంటి మీడియం వేవ్ కేంద్రాలకు మోటారు స్టార్టర్లు, చవక ఎల్‌ఈడీ బల్బులు పెద్ద శత్రువులు. హైదరాబాద్ బోధన్‌కు దాదాపు దక్షిణాన ఉంది కనుక రేడియో లోపలి ఫెర్రైట్ కడ్డీని తూర్పు పడమరలుగా ఉంచితే సంకేతం పెరుగుతుంది. రొద తూర్పు నుంచో పడమర నుంచో వస్తుంటే అదే సమయంలో తగ్గుతుంది.

ధ్వని, డేటా, కరెంటు

స్కానర్‌నే వాడితే దాని ఇయర్‌ఫోన్ రంధ్రం నుంచి ధ్వని తీయాలి. స్ట్రీమ్ పంపడానికి వాడే చిన్న కంప్యూటర్ రాస్ప్‌బెర్రీ పైలో మైకు ఇన్‌పుట్ లేదు. యూఎస్‌బీ సౌండ్ కార్డు విడిగా కొనాలి. ఎక్కువ స్ట్రీమ్‌లు చెడేది ఈ మూడడుగుల వైరులోనే. స్కానర్, కంప్యూటర్ రెండూ అడాప్టర్లతో నడుస్తుంటే 50 హెర్ట్జ్ గుర్రుమనే శబ్దం కలవవచ్చు. మధ్యలో చిన్న ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెడితే పోతుంది. వాల్యూమ్ బిరడా ఒకసారి సరిచూసి టేపు అంటించాలి, లేకుంటే తుడిచేవారి చేయి తగిలి రోజంతా స్ట్రీమ్ పగిలిన గొంతుతో పోతుంది. డాంగిల్ వాడితే ఈ బాధలన్నీ ఉండవు, ధ్వని కంప్యూటర్ లోపలే పుట్టి, శ్రోతలకు పంచే ఐస్‌కాస్ట్ సర్వరుకు వెళ్తుంది.

సంభాషణకు 16 కిలోబిట్ల మోనో చాలు. గంటకు 7.2 ఎంబీ, రోజుకు 173 ఎంబీ, నెలకు 5 జీబీ పైచిలుకు అవుతుంది. మామూలు మొబైల్ ప్లాన్ కూడా దీన్ని మోస్తుంది. అసలు పరీక్ష కరెంటు పోయి వచ్చినప్పుడే. ఎవరూ ముట్టకుండానే రాస్ప్‌బెర్రీ పై మళ్లీ లేచి, నెట్ అందుకుని స్ట్రీమ్ పంపాలి. బిగించిన రోజే మెయిన్ స్విచ్ నాలుగైదు సార్లు తీసి వేసి దీన్ని సరిచూసుకోవాలి. ఉరుములు వచ్చే సూచన కనిపించినప్పుడు మాత్రం డాబా మీది వైరును రిసీవరు నుంచి ఊడదీసి, కిటికీ బయట వేలాడదీయడమే క్షేమం.