ముల్కీ వివాదము - ఆబిడ్స్, నాంపల్లి పేటల సాహిత్యసృష్టి

ముల్కు అనగా దేశము. ఆ దేశమునకు చెందినవాడు ముల్కీ, చెందనివాడు గైరుముల్కీ. హైదరాబాదు చరిత్రలో ఈ రెండు మాటలును పందొమ్మిదవ శతాబ్ది చివరిపాదము మొదలుకొని దాదాపు నూరేండ్లపాటు ఉద్యోగములను, చదువులను, ఒక్కొక్కప్పుడు ప్రాణములను గూడ శాసించినవి. ఈ వివాదముయొక్క రాజకీయచరిత్రను పలువురు వ్రాసియున్నారు. అది రగిల్చిన ఆగ్రహము ఎచ్చట సాహిత్యముగను, సంస్థలుగను పరిణమించినదో పరిశీలించుట ఈ వ్యాసోద్దేశము. ఇందులకు ఆబిడ్స్, నాంపల్లి పేటలను క్షేత్రముగ గ్రహించితిని. ఈ రెండును ఒకదాని నొకటి ఆనుకొనియున్నవి. వీనిలో ఆబిడ్స్ అను పేరే పరదేశి నొకనిని స్మరింపజేయును. ఆరవ నిజాము మహబూబు అలీఖాను కొలువున నుండి, ఇచ్చట అంగడి నడపిన ఆల్బర్ట్ అబిద్ ఈ దేశమువాడు కాడు. వచ్చినవాని పేరు పేటకు నిలిచినది. వచ్చినవారికి నిలువనీడ గలదా యను ప్రశ్న మాత్రము ఆ పేటలోనే పలుమారులు తలయెత్తినది.

వివాదమునకు మూలము పరిపాలన సంస్కరణలలో నున్నది. మొదటి సాలారు జంగు 1853 మొదలు 1883 వరకు దివానుగా నుండెను. రెవిన్యూ, న్యాయ, విద్యాశాఖలను క్రొత్త పద్ధతిని దిద్దుటకై ఆయన ఉత్తర హిందూస్థానమునుండియు, బ్రిటిషు పరగణాలనుండియు చదువుకొన్నవారిని రప్పించెను. వచ్చినవారు సమర్థులే, కాని వారి వెంట వారి బంధువులును, ఆశ్రితులును వచ్చిరి. పదవులు తమకు దక్కవను బాధ స్థానికులలో పెరిగెను. 1884 ప్రాంతమున రాజభాష పారసీకమునకు మారుగ ఉర్దూ అయ్యెను. కాలక్రమమున ముల్కీ నిబంధనలు రూపొందినవి. 1919 నాటి ఫర్మానాతో అవి స్థిరపడినవి. పరదేశి ముల్కీ కావలెనన్న సంస్థానమున 15 ఏండ్లకు తక్కువగాక స్థిరనివాస ముండవలెను. పూర్వస్థలమునకు మరలిపోవు తలంపును విడనాడితినని ప్రమాణపత్రము నీయవలెను.

ఈ ఏర్పాటునందు రెండు విధములైన అన్యాయములకు చోటుండినది. మొదటిది వచ్చినవానికి జరుగునది: ఎన్నేండ్లు సేవచేసినను, పాలకులకు నచ్చని మాట యొకటి యాడినచో అతడు మరల పరదేశియే. రెండవది ఉన్నవానికి జరుగునది: తరతరములుగా ఈ నేలపై బ్రతికిన తెలుగువాడు చట్టరీత్యా ముల్కీయే, అయినను కచేరీలో, న్యాయస్థానములో, పాఠశాలలో తన భాష చెల్లకపోవుటచే అతడు స్వదేశముననే పరదేశివలె నుండెను. మొదటి అన్యాయమునకు నాంపల్లి స్టేషను రోడ్డునగల ‘గోల్డెన్ త్రెషోల్డ్’ భవనముతో సంబంధించిన కుటుంబము సాక్షి. రెండవదానికి ఆబిడ్స్‌లోని రెడ్డి వసతిగృహము సాక్షి.

మొదట అఘోరనాథ చట్టోపాధ్యాయుల కథను చూతము. ఆయన వంగదేశీయులు; ఎడింబరో విశ్వవిద్యాలయమున విజ్ఞానశాస్త్రమున డాక్టరు పట్టము పొందినవారు. హైదరాబాదునకు వచ్చి, పిమ్మట నిజాము కళాశాలగా రూపొందిన విద్యాలయమునకు ప్రథమాధ్యక్షులైరి. 1883 ఫిబ్రవరిలో సాలారు జంగు మరణించెను. ఆ సంవత్సరముననే చాందా బొగ్గుగనుల వైపునకు ఇనుపదారి వేయు పథకము వివాదగ్రస్త మయ్యెను. లండను ధనికులతో చేసికొను ఒడంబడిక సంస్థాన బొక్కసమున కెంత భారమగునో ప్రజలకు వివరముగ తెలుపవలెనని అడిగినవారిలో చట్టోపాధ్యాయులును, ముల్లా అబ్దుల్ ఖయ్యూమును ముఖ్యులు. ఆ అడిగినందులకు ఫలముగ చట్టోపాధ్యాయులు కొలువునుండి తొలగింపబడి, సంస్థానమునుండి వెడలగొట్టబడిరి. అప్పటికి ఆయన కుమార్తె సరోజిని వయస్సు నాలుగేండ్లు.

ఇచ్చట గమనింపవలసిన దొకటి కలదు. ఆయన యడిగినది హైదరాబాదు ప్రజల సొమ్మును గూర్చియే. ఆ ప్రజల పక్షమున మాటాడినందులకే ఆయన పరదేశి యనిపించుకొనెను. కొన్నేండ్ల పిమ్మట ప్రభుత్వము ఆయనను మరల పిలిపించెను, ఆయన వచ్చెను. వచ్చి, విద్యాబోధనమును విడువలేదు. మత, కుల, భాషాభేదములు లేక ఎల్లవారికిని తన యింటి తలుపులు తెరచి యుంచెను. పండితులు, ఫకీరులు, కవులు, రసవాదము నమ్మినవారు ఆ యింట గుమిగూడుచుండిరి. వెడలగొట్టిన నగరమునకు ఆయన యిచ్చిన సమాధాన మిదియే.

ఆ యింట పెరిగిన సరోజిని 1895లో నిజాము ప్రభుత్వ విద్యార్థివేతనముతో ఇంగ్లండునకు వెళ్లెను. తండ్రిని వెడలగొట్టిన సంస్థానమే కుమార్తె చదువునకు ధన మిచ్చినది. సంస్థానచరిత్ర ఇట్టి వైరుధ్యములతో నిండియున్నది. 1898లో ఆమె వైద్యులగు ముత్యాల గోవిందరాజులు నాయుడుగారిని వివాహమాడెను. మదరాసులో జరిగిన ఆ వర్ణాంతర వివాహమును కందుకూరి వీరేశలింగము పంతులుగారు జరిపించిరి. ఇట్లు వంగదేశీయుల బిడ్డ, హైదరాబాదున పుట్టి, తెలుగువారి కోడలై, ఉర్దూ నాగరకత నడుమ పెరిగి, ఆంగ్లమున కవిత్వము చెప్పెను. 1905లో లండనున వెలువడిన ఆమె తొలి సంపుటి పేరే నాంపల్లి భవనమునకును నిలిచినది.

ఆ కవిత్వమున తండ్రి బహిష్కారము కానరాదు. పరిశోధకుడు లేనిదానిని చదువరాదు. కాని ఉన్న దేదియో చూడవచ్చును. 1912 నాటి రెండవ సంపుటిలో హైదరాబాదు బజారులను వర్ణించు ఖండిక యొకటి కలదు. అందు వర్తకులు, పండ్లమ్మువారు, కంసాలులు, గాయకులు, పూలదండలు గ్రుచ్చు స్త్రీలు వరుసగ తమ పనిని గూర్చి చెప్పుదురు. ఎవడు ముల్కీ, ఎవడు గైరుముల్కీ యని ఆ బజారున ఎవ్వరును అడుగరు. పనిచేయుటయే అచ్చటి పౌరసత్వము. దీనిని ముల్కీ వివాదమునకు ప్రత్యుత్తరముగ ఆమె వ్రాసెనని చెప్పజాలము. ఆ వివాదము తాకిన యింట పెరిగిన కవయిత్రి నగరమును ఇట్లు చూచెనని మాత్రము నిస్సంశయముగ చెప్పవచ్చును.

ఆమె ఆగ్రహము సూటిగా వెలువడినది ఉపన్యాసములయందు. 1860 మొదలు 1911 వరకు ఒప్పంద కూలీలుగ దక్షిణాఫ్రికాలోని నేటాలునకు పోయిన భారతీయులు సుమారు 1,52,000 మంది. అందు అధికసంఖ్యాకులు మదరాసు రేవున ఓడ యెక్కినవారు. వారిలో గంజాము, విశాఖపట్టణము, గోదావరి, ఉత్తరార్కాటు జిల్లాల తెలుగువారు వేలకొలది కలరు. పనిగడువు తీరినను అచ్చటనే నిలువగోరినవారిపై సాలునకు మూడు పౌనుల తలపన్ను వేయబడెను. 1914లో గాని అది రద్దు కాలేదు. 1917లో ఈ కూలివిధానమును ఖండించుచు అలహాబాదున సరోజినీదేవి ప్రసంగించెను. 1923లో బ్రిటిషు ప్రభుత్వము కెన్యాలోని ఎత్తుభూములను తెల్లవారికే ప్రత్యేకించుచు నిర్ణయము ప్రకటింపగా, 1924లో ఆమె మొంబాసా వెళ్లి తూర్పు ఆఫ్రికా భారతీయ మహాసభకు అధ్యక్షత వహించెను. అచ్చటినుండి దక్షిణాఫ్రికాకు పోయి, భారతీయుల నివాసములను, వర్తకమును వేరు వాడలలో బంధింపజూచిన బిల్లును ప్రతిఘటించు సభలలో మాటాడెను. ఆ యేడు పార్లమెంటు రద్దగుటతో ఆ బిల్లు అప్పటికి వీగిపోయెను. అట్టి శాసనములు మాత్రము తరువాత మరల వచ్చినవి.

అదే కుటుంబమున కోపము వేరొక త్రోవనుగూడ త్రొక్కినది. సరోజినీదేవి సోదరుడు వీరేంద్రనాథుడు యూరపున విప్లవకారుడై, స్వదేశమునకు మరల రాకయే, 1937లో సోవియట్ ప్రభుత్వముచే చంపబడెను. దేశములేనివాడుగ జీవించి, ఆశ్రయమిచ్చిన దేశముననే బలియైన ఆయన కథ విషాదాంతము. మరియొక సోదరుడు హరీంద్రనాథుడు కవియై, నటుడై, గాయకుడై, 1952లో విజయవాడ నియోజకవర్గమునుండి లోకసభకు ఎన్నికయ్యెను. వంగదేశీయుని కుమారుని తెలుగు ఓటర్లు తమ ప్రతినిధిగ నెన్నుకొనుట చరిత్ర మరువరాని విషయము.

ఇక రెండవ సాక్ష్యము. 1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధినీ నాటకశాలలో కార్వే పండితుని అధ్యక్షతన సంఘసంస్కార మహాసభ జరిగెను. అందు ఆలంపల్లి వేంకటరామారావుగారు తెలుగున మాటాడబూనగా కొందరు గేలిచేసిరి. ఉర్దూ, మరాఠీ, ఆంగ్లములకు దక్కిన మన్నన అధికసంఖ్యాకుల భాషకు దక్కలేదు. ఆ అవమానము సహింపజాలక తెలుగువారు ఆ రాత్రియే సమావేశమై ఆంధ్రజనసంఘమును స్థాపించిరి. మాడపాటి హనుమంతరావుగారు దానికి ప్రాణమై నిలిచిరి. గ్రంథాలయములు పెట్టుట, శాసనములను, తాళపత్రములను సేకరించుట, పాఠశాలలు నెలకొల్పుట వారి తొలి కార్యక్రమము. రాజకీయసభలకు ప్రభుత్వానుమతి దొరకుట దుర్లభమైన ఆ దినములలో గ్రంథాలయమే సభాస్థలి యయ్యెను.

1918లో రాజబహద్దూరు వెంకటరామారెడ్డిగారి ప్రోత్సాహముతో వెలసిన రెడ్డి వసతిగృహము ఈ కృషికి ఆబిడ్స్‌లో కేంద్రమయ్యెను. సురవరం ప్రతాపరెడ్డిగారు దాని నిర్వహణభారము వహించిరి. 1926లో ఆయన గోలకొండ పత్రికను ప్రారంభించిరి. నిజాము రాష్ట్రమున తెలుగుకవులు లేరని ఒక పండితుడు వ్రాయగా, ప్రతాపరెడ్డిగారు నిందకు నింద బదులీయలేదు. జిల్లాలనుండి కవుల పద్యములను, వివరములను తెప్పించి, 354 మంది కవులతో 1934లో గోలకొండ కవుల సంచికను ప్రకటించిరి. వాదమున కది సంఖ్యతో, సాక్ష్యముతో చెప్పిన ప్రత్యుత్తరము. 1943లో వెలసిన నిజాము రాష్ట్రాంధ్ర సారస్వత పరిషత్తు ఆబిడ్స్ చెంత బొగ్గులకుంటలో నిలిచి, తెలుగు పరీక్షలు నడపి, వేలమందికి మాతృభాషలో పట్టములిచ్చెను. నేడది తెలంగాణ సారస్వత పరిషత్తు. 1949లో ప్రకటితమైన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’యం దదే దృష్టి విస్తరించినది. రాజుల యుద్ధములకు బదులు ప్రజల తిండి, బట్ట, ఆటలు, పండుగలు చరిత్రకు వస్తువులైనవి. లెక్కకు రానివారిని లెక్కలోనికి తెచ్చుట సంచికలో ఆరంభమై ఈ గ్రంథమున సిద్ధాంతమైనది. 1955లో తెలుగునకు లభించిన తొలి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి దీనికే. అప్పటికి గ్రంథకర్త కీర్తిశేషులు.

ఇట్లనుటచే సృజన అన్యాయమును తొలగించునని భావింపరాదు. 1952 సెప్టెంబరులో ముల్కీ ఆందోళనపై నగరమున కాల్పులు జరిగి విద్యార్థులు మరణించిరి. 1969లో అదే వేదన తెలంగాణమంతట మరల రగిలెను. 1972 అక్టోబరులో సుప్రీంకోర్టు ముల్కీ నిబంధనలు చెల్లునని తీర్పు చెప్పగా ఆంధ్రప్రాంతమున ఉద్యమము లేచెను. 1973లో పార్లమెంటు శాసనముచే ఆ నిబంధనలు రద్దయి, 1975లో రాష్ట్రపతి ఉత్తర్వు వాని స్థానమును గ్రహించెను. నిబంధనను సరిదిద్దునది నిబంధనయే, పద్యము కాదు. స్థానికుల కోరికలో న్యాయ ముండెను. వచ్చినవారి భయములోను న్యాయ ముండెను. ఈ రెంటిని ఒక్కచో నుంచి చూపగలుగుట సాహిత్యచరిత్రకు సాధ్యము.

అట్లు చూచినచో రెండు సాక్ష్యములకును సామాన్యలక్షణములు మూడు కనబడును. కోపము నిలుచుటకు ఇల్లో, వసతిగృహమో, గ్రంథాలయమో ఒక నెలవు కావలసివచ్చినది. వ్యక్తికి జరిగిన అవమానము అట్టి స్థితిలోనున్న ఇతరుల పక్షమున మాటాడు శక్తిగ మారినది: తండ్రి బహిష్కారమును చూచిన బిడ్డ నేటాలు కూలీల పక్షమున నిలిచెను, ఒక వక్త పొందిన గేలి జిల్లాల కవులందరికిని వేదిక నిచ్చెను. తుదకు, ఇరువురును ‘మనవారు’ అను మాట పరిధిని పెంచిరేగాని కుదింపలేదు.

1974లో స్థాపితమైన హైదరాబాదు విశ్వవిద్యాలయము తొలుత గోల్డెన్ త్రెషోల్డ్ భవనముననే ఆరంభమయ్యెను. 1985లో నాంపల్లి పబ్లిక్ గార్డెన్సులో వెలసిన తెలుగు విశ్వవిద్యాలయమునకు 2025లో సురవరం ప్రతాపరెడ్డిగారి పేరు పెట్టబడెను. ఒకటి పరదేశి యనిపించుకొన్నవారి యిల్లు. ఒకటి స్వదేశముననే పరదేశియైన భాషకు నెలవు. ఈ పేటల ఉర్దూ పత్రికలను, తెలుగు పత్రికలను ఒకే బల్లపై నుంచుకొని ఈ చరిత్రను సమగ్రముగ వ్రాయు పని మిగిలియున్నది. రెండు భాషలు నేర్చిన పరిశోధక విద్యార్థులు దానికి పూనుకొందురుగాక.