ఇటలీ కమ్యూనిస్టు పార్టీ – ఐరోపా సమైక్యత

పశ్చిమ ఐరోపా కమ్యూనిస్టు పార్టీలన్నిటిలోకీ పెద్దదైన ఇటలీ కమ్యూనిస్టు పార్టీ (1921–1991) ఐరోపా ఏకీకరణను మొదట ఎదిరించి, ఒక తరం తిరిగేసరికి దానికి వెన్నుదన్నుగా నిలిచింది.

1957లో రోమ్ ఒప్పందం ఇటలీ పార్లమెంటు ముందుకొచ్చినప్పుడు పార్టీ వ్యతిరేకంగా ఓటేసింది. పాల్మీరో తొల్యాట్టి నాయకత్వం దృష్టిలో ఉమ్మడి మార్కెట్ గుత్త పెట్టుబడిదారుల కూటమి, నాటోకు ఆర్థికంగా తోడు. సోషలిస్టులు మాత్రం ఉమ్మడి మార్కెట్ మీద ఓటింగుకు దూరంగా ఉన్నారు. తర్వాతి పదేళ్లలో ఎగుమతులు పెరిగి ఉత్తరాది కార్ఖానాలు కళకళలాడాయి. దక్షిణాది కూలీలు పనికోసం జర్మనీ బాట పట్టారు. కార్మికుల బతుకే సరిహద్దులు దాటాక పార్టీ పాత వాదన పట్టు సడలింది. 1968లో ప్రాగ్‌పై సోవియట్ దాడిని ఖండించడంతో మాస్కోతో ఎడం పెరిగింది. మరుసటేడే పార్టీ సభ్యులు ఐరోపా పార్లమెంటులో అడుగుపెట్టారు.

ఈ మార్పంతా ఆల్టియెరో స్పినెల్లి జీవితంలో కళ్లకు కడుతుంది. యువ కమ్యూనిస్టుగా 1927లో జైలుపాలైన ఆయన స్టాలిన్ విధానాన్ని ప్రశ్నించినందుకు 1937లో పార్టీ బహిష్కరణకు గురయ్యాడు. 1941లో వెంటొటేనే ద్వీప నిర్బంధంలో ఎర్నెస్తో రోస్సితో కలిసి సమాఖ్య ఐరోపా కోసం ఒక ప్రణాళిక రాశాడు. సిగరెట్లు చుట్టే పల్చటి కాగితాల మీద రాసిన ఆ ప్రతి ఖైదీల భార్యల చేతుల మీదుగా రహస్యంగా ఒడ్డు దాటింది. 1976లో అదే పార్టీ ఆయన్ను స్వతంత్రుడిగా తన జాబితాలో నిలబెట్టింది. 1984 ఫిబ్రవరి 14న ఐరోపా యూనియన్ ఏర్పాటుకు ఆయన చొరవతో రూపొందిన ముసాయిదా ఒప్పందాన్ని ఐరోపా పార్లమెంటు 237–31 ఓట్లతో ఆమోదించింది. అప్పటి పార్టీ నాయకుడు ఎన్రికో బెర్లింగ్వెర్ పార్టీకి తెచ్చిపెట్టిన గొప్ప గౌరవాల్లో ఇదొకటని చెప్పాలి.

అయితే ఐరోపా ఏకీకరణకు పార్టీ మద్దతు గుడ్డిది కాదు. 1978 డిసెంబరులో ఐరోపా ద్రవ్య వ్యవస్థలో చేరికను పార్టీ వ్యతిరేకించింది. మారకపు విలువల్ని బిగించేస్తే ఆ బరువు చివరికి జీతాల మీదా ఉద్యోగాల మీదా పడుతుందన్నది దాని వాదన. దూరదృష్టి గల హెచ్చరిక అది.

1984 ఐరోపా ఎన్నికల ప్రచార సభలో మాట్లాడుతూనే కుప్పకూలిన బెర్లింగ్వెర్ జూన్ 11న మరణించాడు. ఆ ఎన్నికల్లోనే పార్టీ 33.3 శాతం ఓట్లతో తన చరిత్రలో ఒకే ఒక్కసారి దేశంలో మొదటి స్థానానికి చేరింది.

1991లో పార్టీ రద్దయ్యాక వారసులు రెండు దారులు పట్టారు. వామపక్ష ప్రజాస్వామ్య పార్టీ మాస్ట్రిక్ట్ ఒప్పందాన్ని సమర్థించింది. రిఫొందాత్సియోనె కొమ్యునిస్తా వ్యతిరేకించింది. 1999 జనవరి 1న యూరో అమల్లోకి వచ్చేనాటికి ఇటలీ ప్రధాని పాత కమ్యూనిస్టు మాస్సిమో డాలెమా. 1978 నాటి అభ్యంతరం ఆయన పక్షాన ఉండకుండా రిఫొందాత్సియోనె గొంతులోనే మిగిలింది.